నెల్లూరు పలుగురాయి మీద ఢిల్లీ గెజిట్

2025 ఫిబ్రవరి 20న కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్రకం, క్వార్ట్జ్ (పలుగురాయి), ఫెల్‌స్పార్, బెరైటీస్ (ముగ్గురాయి) ఇకనుంచి చిన్నతరహా ఖనిజాలు కావు, ప్రధాన ఖనిజాలేనని అందులో ఉంది. మొదటి మూడూ నెల్లూరు నేలలో ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని దొరికేవి. గూడూరు, సైదాపురం, కలిచేడు వైపు వెళ్లిన ఎవరికైనా తెల్లగా మెరిసే పలుగురాళ్ల గుట్టలు, మట్టిలో తళుక్కుమనే కాకిబంగారం తెలిసినవే. నాలుగోది పాత కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి. దేశమంతటికీ వర్తించే కాగితమే అయినా, అది గట్టిగా తగిలిన రాష్ట్రాల్లో మనది ముందువరుస.

దాని మీద ఇక్కడ కనీసం వారం రోజులు రచ్చ జరగాల్సింది. క్వార్ట్జ్ అక్రమ తవ్వకాల్లో ఎవరిని అరెస్టు చేశారు, ఎవరిని వదిలేశారు అన్న రచ్చ అయితే నెలల తరబడి నడిచింది. గని ఎవరు దోచారన్నది మనకు రాజకీయం. గని మీద అధికారం ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందన్నది లోపలి పేజీ వార్త. ఈ రెండో దాని గురించే ఈ వ్యాసం. ఎందుకంటే దోపిడీ కేసు ఏదో ఒకనాటికి తేలుతుంది. అధికారం మాత్రం ఒకసారి ఢిల్లీకి వెళ్తే తనంతట తాను తిరిగి రాదు.

గనుల నియంత్రణ రాష్ట్ర జాబితాలో 23వ అంశం. అయితే కేంద్ర జాబితాలో చెప్పినదానికి లోబడి అన్న షరతు అక్కడే ఉంది. ఇటు కేంద్ర జాబితా 54వ అంశం ఏమంటుంది? ప్రజా ప్రయోజనం కోసం కేంద్రం అదుపులో ఉండాలని పార్లమెంటు చట్టం ద్వారా ప్రకటిస్తే, ప్రకటించినంత మేరకు అది కేంద్రానిది. 1957 గనుల చట్టంతో ఆ ప్రకటన జరిగిపోయింది. ఆ చట్టంలోనే చిన్నతరహా ఖనిజాలను విడిగా పెట్టి, వాటికి నియమాలు రాసుకునే పని 15వ సెక్షన్ కింద రాష్ట్రాలకు వదిలారు. ఇంతవరకు బాగానే ఉంది. మరి ఏది చిన్నది, ఏది పెద్దది అని తేల్చేదెవరు? భవన నిర్మాణ రాయి, గ్రావెల్, మామూలు మట్టి, మామూలు ఇసుక పేర్లు చట్టంలోనే ఉన్నాయి. మిగతాదంతా కేంద్రం గెజిట్‌లో ఎలా ప్రకటిస్తే అలా.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. రెండు ప్రభుత్వాల మధ్య అధికార సరిహద్దును ఆ ఇద్దరిలో ఒకరే, తమ శాఖ కార్యదర్శి సంతకంతో, ఎప్పుడంటే అప్పుడు జరుపుకోవచ్చు. రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. పార్లమెంటులో బిల్లు కూడా అక్కర్లేదు. అసెంబ్లీ అభిప్రాయం సంగతి సరేసరి. ఇది ఊహ కాదు, జరిగిన కథే. 2015 ఫిబ్రవరి 10న ఇదే కేంద్రం 31 ఖనిజాలను చిన్నతరహా జాబితాలో చేర్చింది. అభ్రకం, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, బెరైటీస్ నాలుగూ వాటిలో ఉన్నాయి. రాష్ట్రాలను నమ్ముతున్నాం, సహకార సమాఖ్య వచ్చేసింది అని ఊదరగొట్టిన రోజులవి. సరిగ్గా పదేళ్ల పది రోజులకు నాలుగింటినీ వెనక్కి తీసుకున్నారు. పదేళ్లలో సైదాపురం రాయి మారలేదు, భూగర్భం మారలేదు. ఢిల్లీ అవసరం మారింది.

ఆ అవసరం ఏమిటో కేంద్రం దాచలేదు. క్వార్ట్జ్, అభ్రకం, ఫెల్‌స్పార్ దొరికే పెగ్మటైట్ శిలల్లో లిథియం, బెరిల్, నియోబియం, టాంటలం వంటివి ఉండే అవకాశం ఉంది. బ్యాటరీలకూ రక్షణ పరికరాలకూ అవి కావాలి. జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు 2025 జనవరి 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. చిన్నతరహా లీజులో పలుగురాయి తవ్వుకునేవాడు అందులో లిథియం ఉందని చెప్పడు, చెప్పాల్సిన పనీ లేదు. ప్రధాన ఖనిజంగా మారిస్తే చెప్పక తప్పదు అన్నది కేంద్రం తర్కం. తర్కంగా తప్పు పట్టడానికి లేదు. ఆ తర్కం ఎవరి జేబు వైపు నడుస్తోందన్నదే ప్రశ్న.

వరుసగా చూడండి. 2023లో గనుల చట్టాన్ని సవరించి 24 కీలక ఖనిజాలను గుర్తించి, వాటి గనులు వేలం వేసే అధికారాన్ని కేంద్రం తన చేతికి తెచ్చుకుంది. వేలంలో వచ్చే సొమ్ము రాష్ట్రానికే అన్నారు. 2025 ఫిబ్రవరిలో ఆ కీలక ఖనిజాలు కలిసి ఉండే రాళ్లను ప్రధాన ఖనిజాల్లోకి మార్చారు. 2025 ఆగస్టులో చట్టాన్ని మళ్లీ సవరించారు. ఇప్పటికే లీజు ఉన్నవాడు తన గనిలో దొరికిన వేరే ఖనిజాన్ని లీజులో చేర్చుకోవచ్చు. అది కీలక ఖనిజమైతే అందుకు అదనపు సొమ్మేమీ కట్టనక్కర్లేదు. రాయల్టీ సంగతి వేరు, అది ఎటూ ఉంటుంది. కానీ పలుగురాయి లీజు ఉన్న గనిలో రేపు లిథియం పడితే, విడిగా వేలం వేసి ఉంటే రాష్ట్రానికి రాగల ప్రీమియం ఇక రాదు. మూడు చర్యలనూ విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఓ సమర్థన ఉంది. కలిపి చూస్తే, నేల నెల్లూరుది, ధర కట్టేది ఢిల్లీ, దుమ్ము పీల్చేది సైదాపురం. దుమ్ము విషయంలో ఎవరూ ఏ జాబితా కిందా హక్కు కోరలేదు, గమనించారో లేదో.

రాయల్టీ రాష్ట్రానికే వస్తుంది కదా అంటారు. వస్తుంది. ఎంత రావాలో మాత్రం రాష్ట్రం చెప్పలేదు. చిన్నతరహా ఖనిజానికి రాయల్టీలాంటి సీనరేజి రుసుము ఎంతన్నది మన గనుల శాఖ తేల్చుకుంటుంది. ప్రధాన ఖనిజానికి రాయల్టీ రేటు కేంద్ర చట్టం రెండో షెడ్యూలులో ఉంటుంది, మూడేళ్లలో ఒకసారికి మించి పెంచకూడదని చట్టమే కట్టేసింది. తవ్వకం ప్రణాళికలకు నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ వైపు చూడాలి. పెద్ద కంపెనీకి ఇది ఒక ఫైలు, ఒక కన్సల్టెంటు. పది ఎకరాల్లో ఫెల్‌స్పార్ తవ్వుకునే చిన్న లీజుదారుకు మాత్రం ఇది వ్యాపారం మానుకోవాలా అన్న ఆలోచన.

అవతలి వాదనా చెప్పుకుందాం. రాష్ట్రం చేతిలో ఉన్న పదేళ్లూ క్వార్ట్జ్‌ను ఏం చేశారో చూశాం కదా. పార్టీ మారినప్పుడల్లా గని చేతులు మారింది, తెల్లరాయి లారీలెక్కి ఓడరేవు దాటింది, పేలుడు పదార్థాల కేసులు నడిచాయి, ఇలాంటి రాష్ట్రానికి లిథియం అప్పగిస్తారా అని అడుగుతున్నారు. నిజమే, మన గనుల శాఖ చరిత్ర గర్వపడేది కాదు. కానీ ఢిల్లీ తాళం వేస్తే దొంగతనం ఆగుతుందని ఎవరు చెప్పారు? ఓబుళాపురం ఇనుప ఖనిజం ఎప్పుడూ చిన్నతరహా ఖనిజం కాదు. అప్పట్లో కేంద్రం ముందస్తు అనుమతి లేనిదే లీజు ఇవ్వడానికి వీల్లేని ఖనిజమే. అయినా అక్కడ రాష్ట్ర సరిహద్దు రాళ్లే మాయమయ్యాయన్న ఆరోపణ వచ్చింది. బొగ్గు సంగతి సరే, అది నూటికి నూరుపాళ్లు కేంద్రం పెత్తనం. ఆ కేటాయింపుల్లో 204 చెల్లవని 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అవినీతి ఎక్కడ జరిగిందో అక్కడ పట్టుకోవాలి. ఆ పేరుతో అధికారాన్నే వెయ్యి మైళ్ల అవతలకు తీసుకెళ్తే, దొంగను పట్టుకోవడానికి సైదాపురం మనిషి ఏ ఆఫీసు మెట్లెక్కాలో కూడా తెలియకుండా పోతుంది.

ఇప్పుడు నన్ను నిజంగా కదిలించిన సంగతికి వస్తాను. ఆ గెజిట్‌కు ఏడు నెలల ముందే, 2024 జులై 25న, సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రాల చేతికి ఒక గొప్ప ఆయుధం ఇచ్చింది. మినరల్ ఏరియా డెవలప్‌మెంట్ అథారిటీ కేసు అది. ఎనిమిదిమంది ఒకవైపు, జస్టిస్ బి.వి. నాగరత్న ఒక్కరూ మరోవైపు. రాయల్టీ అనేది పన్ను కాదు, లీజు తీసుకున్నవాడు ఖనిజ యజమానికి చెల్లించే ప్రతిఫలం అని మెజారిటీ తేల్చింది. కాబట్టి రాయల్టీ రేటు కేంద్రం నిర్ణయించినంత మాత్రాన రాష్ట్రాల పన్ను అధికారం పోయినట్టు కాదు. ఖనిజ హక్కుల మీద రాష్ట్ర జాబితా 50వ అంశం కింద, ఖనిజాలున్న భూమి మీద 49వ అంశం కింద రాష్ట్రాలు పన్ను వేసుకోవచ్చు. 1989లో ఇండియా సిమెంట్స్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు దీనికి పూర్తి విరుద్ధంగా చెప్పారు. రాష్ట్రాల చేతులు 35 ఏళ్లు ఆ తీర్పుతోనే కట్టేశారు. ఆ తీర్పులో ఒక వాక్యం పొరపాటున పడిందని 2004లో మరో ధర్మాసనం అన్నది. అయినా ఆ ముడి విప్పడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది.

అంతటితో ఆగలేదు. 2024 ఆగస్టు 14న అదే ధర్మాసనం, ఈ తీర్పు వెనకటి కాలానికీ వర్తిస్తుందని, 2005 ఏప్రిల్ 1 తర్వాతి బకాయిలను రాష్ట్రాలు అడగవచ్చని చెప్పింది. 2026 ఏప్రిల్ 1 నుంచి మొదలుపెట్టి 12 ఏళ్ల వాయిదాల్లో కట్టించుకోవాలి, తీర్పుకు ముందు కాలానికి వేసిన డిమాండ్ల మీద వడ్డీ, జరిమానా ఉండవు. వెనకటికి వర్తించవద్దని కోర్టులో గట్టిగా వాదించింది ఎవరనుకుంటున్నారు? కంపెనీలతోపాటు కేంద్ర ప్రభుత్వం. రాష్ట్రాలకు డబ్బు వచ్చే తీర్పును సహకార సమాఖ్య ప్రభుత్వమే అడ్డుకోబోయింది.

జస్టిస్ నాగరత్న భిన్నాభిప్రాయాన్ని తేలిగ్గా తీసేయలేం. రాష్ట్రాలన్నీ పోటీపడి పన్నులు వేస్తే ఖనిజాల ధరలు ఒక్కోచోట ఒక్కోలా అయి, జాతీయ మార్కెట్ చెదిరిపోతుందని ఆమె హెచ్చరించారు. అయితే దేశానికి ఏకరూప మార్కెట్ కావాలి కాబట్టి ఖనిజం ఉన్న రాష్ట్రం ఎప్పటికీ చౌకగా అమ్మాలన్న తర్కంతో జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దశాబ్దాలు నలిగాయి. దేశంలో అన్నింటికన్నా ఖనిజ సంపన్నమైన ప్రాంతాల్లో అన్నింటికన్నా పేదలు ఎందుకున్నారో ఏకరూప మార్కెట్ చెప్పదు.

ఇక అసలు ముప్పు చూడండి. రాష్ట్ర జాబితా 50వ అంశంలోనే, ఖనిజాభివృద్ధికి సంబంధించి పార్లమెంటు చట్టం ద్వారా పెట్టే పరిమితులకు లోబడి అన్న మాట ఉంది. ఇప్పటివరకు ఉన్న గనుల చట్టం అలాంటి పరిమితి ఏదీ పెట్టలేదని కోర్టు చెప్పింది. కావాలంటే పెట్టుకోవచ్చనీ చెప్పింది. అంటే తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఇచ్చిన హక్కును లోక్‌సభలో ఒక మధ్యాహ్నం వెనక్కి తీసుకోవచ్చు. పక్కనే తమిళనాడు ఈ సంగతి గ్రహించి, తీర్పు వచ్చిన ఏడాదే ఖనిజ భూముల మీద పన్నుకు చట్టం చేసుకుంది. సూళ్లూరుపేట దాటి కాసేపు ప్రయాణం చేస్తే వచ్చే రాష్ట్రం అది. మన దగ్గర ఆ తీర్పు పేరు ఎంతమంది ఎమ్మెల్యేలకు తెలుసో పరీక్ష పెడితే ఫలితాలు ప్రకటించకపోవడమే మంచిది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడు ఇచ్చాడు, పూజారి అడ్డుపడ్డాడు, భక్తుడికేమో వరం వచ్చిన సంగతే తెలియదు.

చీమకుర్తి వాళ్లు ఇదంతా తమకు సంబంధం లేదనుకోవద్దు. గెలాక్సీ గ్రానైట్ నేటికీ చిన్నతరహా ఖనిజమే, నిజమే. దానికీ 1999లోనే కేంద్రం నియమావళి రాసింది. 2017 జులై 1కి ముందు గ్రానైట్ మీద రాష్ట్రం తన వ్యాట్ తాను వేసుకునేది. ఇప్పుడు దిమ్మె మీద ఎంత, పలక మీద ఎంత అన్నది జీఎస్టీ మండలి తేలుస్తుంది. అక్కడ ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. మొత్తం ఓట్లలో మూడో వంతు కేంద్రానిది. దేశంలోని రాష్ట్రాలన్నీ ఒక్క మాట మీద నిలబడినా కేంద్రం కాదంటే కానట్టే. మండలి సిఫార్సులకు రాష్ట్రాలు కట్టుబడి తీరాలని లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటను వాడుకోవడానికి ఏ రాష్ట్రానికీ ధైర్యం చాలలేదు.

పెట్రోలు లెక్క ఒక్కటి చెప్పి డబ్బు సంగతి ముగిస్తా. 2021 ఫిబ్రవరి నాటికి లీటరు పెట్రోలు మీద కేంద్రం వసూలు చేసింది 32 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలకు పంచాల్సిన ప్రాథమిక ఎక్సైజ్ సుంకం రూపాయి 40 పైసలు. మిగతాదంతా సెస్సులు, సర్‌చార్జీలు, ప్రత్యేక సుంకాలు. ఆర్థిక సంఘం 41 శాతం పంచమన్నది నిజమే. ఎందులో 41 శాతం అని ఎవరూ అడగరు.

కేంద్రమే అక్కర్లేదని నేననడం లేదు. శ్రీహరికోట దీవిని 1969లో రాకెట్ల కోసం ఎంచుకున్నప్పుడు ఏ రాష్ట్ర హక్కూ అడ్డు రాలేదు, రాకూడదు కూడా. నా అభ్యంతరం వేరే: కేంద్రం ఉండాల్సిన చోట కనపడదు, అక్కర్లేని చోట గెజిట్‌తో దిగుతుంది. జువ్వలదిన్నె నుంచి కొత్తపట్నం దాకా సముద్రం మీద బతికేవాళ్లను అడగండి. తమిళనాడులోని కడలూరు వైపు నుంచి వచ్చే సోనా బోట్లు పెద్ద ఇంజన్లతో ఒడ్డుకు దగ్గరగా వచ్చి గుల్లగా ఊడ్చుకుపోతాయి, మనవాళ్ల వలలు తెంపుకుపోతాయి. మనవాళ్లు తిరగబడి బోట్లు పట్టుకుంటారు, అటునుంచి అధికారులు వస్తారు, రాజీ, మళ్లీ నెలకు మొదలు. రాష్ట్ర చట్టం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా. ఆ లోపల మరో రాష్ట్రం బోటును ఏం చేయాలి, ఆ బయట ఎవరు చూడాలి అన్నది రెండు రాష్ట్రాల మధ్య గొడవ. ఇలాంటివి తీర్చడానికే రాజ్యాంగం 263వ అధికరణంలో అంతర్రాష్ట్ర మండలిని పెట్టింది. 2016 జులైలో ఒకసారి కూర్చుని లేచిన ఆ మండలి తర్వాత ఏళ్ల తరబడి కూర్చోలేదు.

ఓడరేవులదీ అదే వరస. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం 13వ షెడ్యూలులో దుగరాజపట్నం దగ్గర మేజర్ పోర్టు కేంద్రమే కడుతుందని, తొలి దశ 2018 చివరికల్లా పూర్తవుతుందని రాశారు. పార్లమెంటు చేసిన చట్టం అది, ఎన్నికల హామీ కాదు. లాభసాటి కాదన్నారు, శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌కు దగ్గరన్నారు, పులికాట్ సరస్సు అన్నారు. ఆ కారణాలన్నీ చట్టం రాసేనాటికీ ఉన్నాయి. ఆఖరికి రామాయపట్నం రేవును రాష్ట్రమే తలకెత్తుకుంది. 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి, 2022 జులైలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపనలు చేశారు. (ఒకే రేవుకు రెండు కొబ్బరికాయలు కొట్టగల సమర్థత మనకే చెల్లు.) రాష్ట్రం అప్పు చేసి కట్టుకుంటున్న రేవు ఇది. 2025 ఆగస్టులో 1908 నాటి పోర్టుల చట్టం స్థానంలో కొత్తది తెచ్చి, 1997 నుంచి కేవలం సలహాలకు కూర్చునే సముద్రతీర రాష్ట్రాల మండలిని కేంద్రమంత్రి అధ్యక్షతన చట్టబద్ధ సంస్థగా మార్చారు. మేజర్ కాని రేవులు ఉమ్మడి జాబితాలోవి కాబట్టి కేంద్రానికి ఆ అధికారం ఉంది. కట్టడానికి లేని ఉత్సాహం కట్టిన తర్వాత పర్యవేక్షించడానికి వచ్చింది, అంతే.

ఇప్పుడు అసలు దోషి దగ్గరకు వెళ్దాం. నా ఉద్దేశంలో అది ఢిల్లీ కాదు. అధికారం ఉన్నవాడు ఇంకా కావాలనుకోవడం సహజం. అది కాంగ్రెస్ అయినా బీజేపీ అయినా ఒకటే. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్‌తో ఎన్టీఆర్‌ను దించింది కాంగ్రెసే. ఆనాడు తెలుగువాళ్లు వీధుల్లోకి వస్తే సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న, ఆయన తిరిగి కుర్చీ ఎక్కారు. కేంద్రం మిథ్య అని ఆయన అన్నది అతిశయోక్తే కావచ్చు. కానీ ఆ అతిశయోక్తికి ఢిల్లీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 1983లో కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద సర్కారియా కమిషన్ వేయడం ఆ వాతావరణంలోనే జరిగింది. ఆ భాష మన రాజకీయాల్లోంచి ఎప్పుడు మాయమైంది?

నెల్లూరు, ప్రకాశం, ఈ రెండు జిల్లాల పేర్లు చూడండి. ఒకటి పొట్టి శ్రీరాములుది. 1952 అక్టోబర్ 19న మద్రాసులో నిరశన మొదలుపెట్టి 58 రోజులకు, డిసెంబర్ 15న ప్రాణం విడిచిన మనిషి. రెండోది 1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుది. రాష్ట్రం కోసం చనిపోయినవాడూ ఆ రాష్ట్రాన్ని మొదట నడిపినవాడూ పక్కపక్క జిల్లాల బోర్డుల మీద ఉన్నారు. 2014 జనవరి 30న విభజన బిల్లును మన అసెంబ్లీ తిరస్కరించింది. మూడో అధికరణం కింద అసెంబ్లీ అభిప్రాయం వినాలి తప్ప పాటించనక్కర్లేదు కాబట్టి, ఫిబ్రవరి 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో ఆ బిల్లు నెగ్గింది. ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని ప్రత్యేక హోదా అయిదేళ్లన్నారు. చాలదు, పదేళ్లు కావాలన్నది మన నెల్లూరు వెంకయ్యనాయుడే. తర్వాతి కథ అందరికీ తెలుసు, తవ్వను.

అందరూ మరిచిపోయిన కథ ఇంకోటుంది. 2019 ఆగస్టులో జమ్మూకశ్మీర్ రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా చేశారు. అక్కడ అప్పుడు అసెంబ్లీయే లేదు. రాష్ట్రపతి పాలనలో ఆ అసెంబ్లీ అభిప్రాయాన్ని కూడా పార్లమెంటే చెప్పుకుంది. 370వ అధికరణం మీద ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండొచ్చు. కానీ మా అసెంబ్లీ మాట వినకుండా మమ్మల్ని చీల్చారని అయిదేళ్లు గుండెలు బాదుకున్న రాష్ట్రం నుంచి వెళ్లిన తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ రెండూ, ఒక రాష్ట్రం హోదానే ఊడబెరికిన ఆ బిల్లుకు మద్దతిచ్చాయి. మరుసటేడు వ్యవసాయ చట్టాలొచ్చాయి. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది. పంజాబ్ నుంచి ఢిల్లీ దాకా రైతులు రోడ్ల మీద కూర్చుంటే, రాజ్యసభలో ఆ బిల్లులను గట్టిగా సమర్థించినవారిలో మన వైఎస్సార్‌సీపీ ముందుంది. ఏడాదికి కేంద్రమే వాటిని రద్దు చేసుకుంది. మద్దతిచ్చినవాళ్లు ఎందుకిచ్చారో ఇప్పటికీ చెప్పలేదు.

ఇద్దరిదీ ఒకటే నడక. ఢిల్లీ వెళ్తారు, శాలువా కప్పుతారు, తిరుమల ప్రసాదం ఇస్తారు, అర్జీ ఇస్తారు, బయటికొచ్చి సానుకూలంగా స్పందించారంటారు. నిధులు వచ్చినప్పుడు ఇచ్చారంటారు, హక్కుగా వచ్చిన వాటాను కూడా ఇచ్చారనే అంటారు. ఇలా నాలుగు దశాబ్దాల్లో మన పార్టీలు హక్కు అడగడం మాని అర్జీ రాయడం నేర్చాయి. తమిళనాడుతో పోల్చినప్పుడల్లా వాళ్లకు భాష గొడవ ఉంది, మనకు అవసరాలున్నాయి అని జవాబొస్తుంది. అవసరాలున్నవాడికే హక్కులు ఎక్కువ కావాలి. 2024లో కేంద్రంలో ఏ పార్టీకీ సొంత మెజారిటీ రాలేదు, 240 దగ్గర ఆగిపోయిన బీజేపీకి 16 మంది తెలుగుదేశం సభ్యులు ఆధారం. ఇంతకన్నా బేరం దొరికే రోజు ఒక ప్రాంతీయ పార్టీకి ఎప్పుడొస్తుంది? ఆ బేరాన్ని రాజధాని నిధులకూ పోలవరానికీ వాడుకున్నారు, తప్పని నేననను. కానీ ఆ 16 మంది మద్దతుతో నడిచే ప్రభుత్వమే వాళ్ల రాష్ట్రం గనుల మీద అధికారాన్ని గెజిట్‌తో తీసుకుంటే, అది పొత్తు ధర్మంలోని ఏ పేజీలో ఉంది?

రాష్ట్రం తన కింది వాళ్లతో ఎలా ఉంటోందని అడిగేవాళ్లూ ఉంటారు, అడగాలి. 2022 ఏప్రిల్‌లో కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు కందుకూరు వాళ్లను అడిగింది లేదు. 2025లో ఉలవపాడు మండలం కరేడు రైతులు భూసేకరణ వద్దని రోడ్డెక్కితేగానీ వాళ్ల మాట అమరావతికి వినపడలేదు. అసెంబ్లీని ఢిల్లీ ఎలా చూస్తుందో గ్రామసభను అమరావతి అలాగే చూస్తోంది. అందువల్ల ఢిల్లీ చేసేది ఒప్పు అయిపోదు. సైదాపురం రాయి మీద సైదాపురానికి మాట ఉండాలంటే ముందు ఆ మాట రాష్ట్రం దాకానైనా ఉండాలి కదా. నాగ్‌పూర్ దాకా వెళ్తే ఇక అందేది కాదు.

చేయాల్సినవి కష్టమైనవేమీ కావు. 1957 చట్టం మూడో సెక్షన్‌లో రాష్ట్రాల సమ్మతి లేకుండా ఖనిజాన్ని చిన్నతరహా జాబితా నుంచి తీసేయకూడదన్న సవరణ అడగాలి. ఇది ఒక్క ఆంధ్రకే కాదు, ఖనిజాలున్న ప్రతి రాష్ట్రానికీ పనికొచ్చేదే కాబట్టి తోడు దొరుకుతుంది. 2024 జులై తీర్పు కింద ఏ ఖనిజం మీద, ఏ భూమి మీద ఎంత పన్ను వేయగలమో, వేస్తే చిన్న లీజుదారు మీద భారం పడకుండా ఎలా వేయాలో అసెంబ్లీలో తెరిచిన తలుపుల మధ్య చర్చించాలి. ఆ డబ్బులో గూడూరు, సైదాపురం, చీమకుర్తి మండలాల వాటా ఎంతో అదే చట్టంలో రాయాలి. రాష్ట్రాల ఖనిజ పన్నుకు పరిమితి పెట్టే బిల్లు లోక్‌సభకు వచ్చే రోజు ఎంతో దూరం లేదని నా నమ్మకం. ఆ రోజు ఏ మీట నొక్కుతారని నెల్లూరు, ఒంగోలు, తిరుపతి ఎంపీలను ఇప్పుడే, బిల్లు రాకముందే, రాతపూర్వకంగా అడగండి. వచ్చాక అడిగితే విప్ ఉందంటారు.